ముందు గండి వెతకండి

గండిమైసమ్మ చౌరస్తాలో నిలబడి చూస్తే ఒకవైపు దుండిగల్ మీదుగా నర్సాపూర్ రోడ్డు, ఒకవైపు మేడ్చల్, ఒకవైపు బాచుపల్లి మీదుగా మియాపూర్, ఇంకోవైపు బహదూర్‌పల్లి, సూరారం దాటి బాలానగర్. 2016లో జిల్లాలు మారినప్పుడు ఈ కూడలి పేరు ఏకంగా మండలం పేరులోకి ఎక్కింది. ఫంక్షన్ హాళ్లు పెరిగాయి, ఇంజినీరింగ్ కాలేజీలు వచ్చాయి, శామీర్‌పేట చెరువు గట్టు మీద పెళ్లికి ముందే జంటలను నడిపించి ఫొటోలు తీయించుకునే రోజులు వచ్చాయి. పని పెరిగింది. పనితోపాటు రాత్రుళ్లు మెలకువగా ఉండటమూ పెరిగింది. ఈ అధ్యాయం ఆ రాత్రుళ్ల గురించి.

లగ్గాల సీజన్ మధ్యలో ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. ఇద్దరు మనుషులతో చిన్న స్టూడియో నడుపుతాడు. కళ్ల కింద నల్లటి చారలు. “అన్నా, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలె? ఏఐది ఏదో వచ్చిందట గదా, అన్నీ అదే చేస్తదట” అన్నాడు. నేను ఒక్కటే అడిగాను: “నీ టైం ఎక్కడ పోతున్నదో చెప్పు.” చాలాసేపు ఆలోచించి “అంతా పోతున్నదన్నా” అన్నాడు.

అది జవాబు కాదు. మన ఊళ్లలో మైసమ్మ చెరువు కట్టల మీద వెలసే తల్లి. కట్ట మైసమ్మ అంటాం. ఈ కూడలి తల్లి పేరులోనైతే గండి అనే మాటే ఉంది. కట్ట తెగి నీళ్లు పోతున్నప్పుడు కట్ట పొడవునా మట్టి పోయరు. గండి ఎక్కడ పడిందో చూసి అక్కడే వేస్తారు. ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడంలో నేను చెప్పగలిగింది ఇంతే. ఏది గొప్పది అని అడగొద్దు. మీ పనిలో గండి ఎక్కడుందో కనుక్కుని, దానికి సరిపడే పనిముట్టు మాత్రమే కొనండి.

ఆ కుర్రాడిని వారం రోజులు ఒక నోట్‌బుక్ పెట్టుకోమన్నాను. ఒక పెళ్లి తీసుకుని మొదటి నుంచి చివరిదాకా రాయాలి: కార్డుల నుంచి కాపీకి ఎంతసేపు, సెలెక్షన్‌కు ఎంతసేపు, కలర్‌కు, స్కిన్‌కు, ఆల్బమ్ షీట్లకు, పార్టీ చెప్పిన మార్పులకు, ల్యాబ్‌కు పంపడానికి ఎంతసేపు. మొదలుపెట్టిన సమయం, ఆపిన సమయం, అంతే. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకున్నా సరే. కానీ చేతితో రాసింది మరుసటి పెళ్లికి కూడా కళ్ల ముందుంటుంది కనుక నేను నోట్‌బుక్కే పెట్టుకోమంటాను.

వారం తర్వాత తెచ్చిన లెక్కలో మొదటి వరుసలోనే విషయం బయటపడింది. రెండు కెమెరాలు, 128 జీబీ కార్డులు నాలుగు. ఎప్పుడో కొన్న యూఎస్‌బీ 2 కార్డు రీడర్. అది నిజంగా ఇచ్చే వేగం సెకనుకు 35 ఎంబీ అనుకుంటే నిండిన ఒక్కో కార్డు కాపీ కావడానికి గంట. నాలుగు కార్డులకు నాలుగు గంటలు. అర్ధరాత్రి ఇంటికొచ్చి కార్డు పెట్టి, పక్కనే కూర్చుని కునుకుతూ, గంటకోసారి లేచి కార్డు మారుస్తున్నాడు. అదే కార్డును సెకనుకు 90 ఎంబీ చదివే రీడర్‌లో పెడితే 24 నిమిషాలు. అతని మొదటి గండి సాఫ్ట్‌వేర్‌లో లేనే లేదు. కొత్త రీడర్, ఒక ఎస్‌ఎస్‌డీ కొన్నాడు. ఏఐ కోసం దాచిన డబ్బులో సగానికి సగం మిగిలింది.

అందుకే సాఫ్ట్‌వేర్ మాట ఎత్తే ముందు సిస్టమ్ చూడండి. ఫొటోషాప్ తాత్కాలిక ఫైళ్లు ఏ డిస్క్ మీద రాస్తోంది? పాత హార్డ్‌డిస్క్ మీదైతే ఏ ప్లగిన్ కొన్నా గిరగిరా తిరిగే చక్రమే చూస్తారు. 12 బై 36 అంగుళాల షీట్‌ను 300 డీపీఐలో తెరిస్తే 3,600 బై 10,800 పిక్సెళ్లు. ఒక్క లేయరే 8 బిట్‌లో 110 ఎంబీ దాటుతుంది. పది ఫొటోలు, నాలుగు బ్యాక్‌గ్రౌండ్లు, మాస్కులు వేసిన షీటు 8 జీబీ ర్యామ్‌లో పాకుతుందంటే అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు.

సెలెక్షన్ దగ్గర

నా సొంత నోట్‌బుక్ సంగతి చెబుతాను. కలర్ కరెక్షన్‌కే ఎక్కువ సమయం పోతోందని ఏళ్ల తరబడి అనుకున్నాను. రాసి చూస్తే పోతున్నది సెలెక్షన్ దగ్గర. ఒక పెళ్లికి 4,000 ఫొటోలు వస్తే, ఒక్కోదాన్ని తెరవడానికి సాఫ్ట్‌వేర్ 3 సెకన్లు ఆలోచిస్తే, ఎదురుచూపుకే 3 గంటల 20 నిమిషాలు. ఆ సమయంలో మనం ఏ పనీ చేయలేదు. తెర వైపు చూస్తూ కూర్చున్నాం.

దీనికి కారణం తెలిస్తే మందు తేలిక. ప్రతి రా ఫైలు లోపల కెమెరా ఒక జేపెగ్‌ను దాచి పెడుతుంది. కెమెరా వెనక తెర మీద మీరు చూసేది అదే. కొన్ని సాఫ్ట్‌వేర్లు రా ఫైలును మొదటి నుంచి వండి చూపిస్తాయి, అందుకే ఆలస్యం. ఇంకొన్ని ఆ దాచిన జేపెగ్‌ను తీసి చూపిస్తాయి, అందుకే రెప్పపాటులో వస్తుంది. ఫొటో మెకానిక్ పత్రికా ఫొటోగ్రాఫర్ల చేతుల్లో నిలబడింది ఈ ఒక్క గుణంతోనే. ఫాస్ట్‌స్టోన్ లాంటి చిన్న వ్యూయర్లూ ఇదే పని చేస్తాయి. అయితే ఫాస్ట్‌స్టోన్ ఇంట్లో వాడుకోవడానికే ఉచితం, స్టూడియో వ్యాపారానికి లైసెన్సు కొనాలి. లైట్‌రూమ్ వాడేవాళ్లు ఇంపోర్ట్ చేసేటప్పుడు ప్రివ్యూల దగ్గర ‘ఎంబెడెడ్ అండ్ సైడ్‌కార్’ అని ఎంచుకుంటే చాలు. 2017 నుంచి లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఇది ఉంది. డబ్బు ఖర్చులేదు. ఆ ఒక్క మార్పుతో సీజన్‌లో నాకు రోజులు మిగిలాయి.

ఇక ఏఐ సెలెక్షన్. ఆఫ్టర్‌షూట్ లాంటివి కళ్లు మూసుకున్నవి, కదిలినవి, ఒకేలా ఉన్నవి తామే పక్కన పెడతాయి. వేల ఫొటోలు ఉన్నప్పుడు అది నిజమైన సహాయం, నేను కాదనను. కానీ మన పెళ్లి చూడండి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో ఇద్దరూ కళ్లు మూసుకునే ఉంటారు. తలంబ్రాల్లో బియ్యం మీద పడుతుంటే కళ్లు గట్టిగా మూసుకుని నవ్వుతారు. అప్పగింతల్లో తండ్రి కళ్లు తెరిచి ఉన్న ఫొటో వెతికితే దొరకదు. ఆ మూడు చోట్లా కళ్లు మూసుకున్న ఫొటోనే అసలు ఫొటో. యంత్రానికి అది తప్పు, ఆ ఇంటికి అది ఆల్బమ్ మధ్య పేజీ. అందుకని నా పద్ధతి ఇది: రిసెప్షన్, భోజనాలు, స్టేజీ మీద వరుస గ్రూపులు యంత్రానికి వదిలేస్తాను. ముహూర్తం నుంచి అరుంధతీ దర్శనం దాకా, మళ్లీ అప్పగింతలు మొత్తం, నేనే కూర్చుని చూస్తాను. ఆ భాగాన్ని వేరే ఫోల్డర్‌లో పెట్టాకే మిగతాది సాఫ్ట్‌వేర్‌కు ఇస్తాను.

కలర్‌కు ఏ ఇల్లు?

ఇక్కడ పెద్ద పేర్లు నాలుగు. లైట్‌రూమ్ 2007లో వచ్చింది, ఫొటోషాప్‌తో కలిపి అద్దెకు దొరుకుతుంది. క్యాప్చర్ వన్ డెన్మార్క్‌లో పుట్టింది. డీఎక్స్‌ఓ ఫొటోల్యాబ్ ఫ్రాన్స్‌ది, ఒకేసారి డబ్బు కట్టి కొనుక్కోవచ్చు. డార్క్‌టేబుల్ పూర్తిగా ఉచితం, ఎవరైనా వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు, కానీ నేర్చుకోవడానికి ఓపిక కావాలి. నాలుగూ 14 బిట్ల రా ఫైలులోని 16,384 మెట్లను చదవగలవు. మామూలు జేపెగ్‌లో ఒక్కో రంగుకు ఉండేవి 256 మెట్లే. ఎర్ర ఎల్‌ఈడీ వెలుగులో ముఖం తగలబడినట్టు వచ్చిన ఫొటోను రా నుంచి వెనక్కి తేగలం, జేపెగ్ నుంచి అంతగా తేలేం. కాబట్టి ఏ ఇల్లు ఎంచుకున్నా ముహూర్తం భాగమైనా రాలో తీయండి.

వీటిలో ఎలా ఎంచుకోవాలి? చిత్రం నాణ్యత చూసి ఎంచుకోమని చాలామంది చెబుతారు. నా అభిప్రాయం వేరు. మంచి చేతిలో నాలుగూ మంచి ఫలితమే ఇస్తాయి. తేడా వచ్చేది మీ స్టూడియోలో ఎంతమంది పనిచేస్తారన్న దగ్గర. లైట్‌రూమ్ క్లాసిక్ తన పనంతా కేటలాగ్ అనే ఒక్క ఫైలులో రాసుకుంటుంది. ఫొటోలు అందులో ఉండవు, వాటి మీద చేసిన పని జాబితా మాత్రమే ఉంటుంది. ఆ కేటలాగ్‌ను నెట్‌వర్క్ మీద పెట్టి రెండు సిస్టమ్‌ల నుంచి తెరవలేం. ఒక్కరే కలర్ చేసే చోట అది హాయి. ఇద్దరు చేతులు మార్చుకునే చోట తలనొప్పి. క్యాప్చర్ వన్‌లో సెషన్ అనే పద్ధతి ఉంది. ఒక్కో పెళ్లికి ఒక్కో ఫోల్డర్, ఫొటోలూ సర్దుబాట్లూ ఆ ఫోల్డర్‌లోనే. దాన్ని ఎస్‌ఎస్‌డీలో వేసుకుని పక్క సిస్టమ్‌కు తీసుకెళితే పని అక్కడ నుంచే సాగుతుంది. చర్మపు రంగును ఒకేలా చేసే పనిముట్టు కూడా దాని కలర్ ఎడిటర్‌లో ఉంది. స్టేజీ మీద ఒకే వరుసలో ఒకరి ముఖం గులాబీ, ఒకరి ముఖం పచ్చ వచ్చే మన ఫంక్షన్ హాల్ లైట్లకు అది ఎంత ఉపయోగమో వాడినవాళ్లకు తెలుసు.

ఇంకో మాట. సాఫ్ట్‌వేర్ శాశ్వతం కాదు. ఆపిల్ 2005లో తెచ్చిన అపర్చర్‌ను 2014లో ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అందులో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు తమ సర్దుబాట్లను వేరే ఇంటికి పూర్తిగా మోసుకెళ్లలేకపోయారు. నిక్ కలెక్షన్ ప్లగిన్లను గూగుల్ 2016లో ఉచితం చేసింది, మరుసటి ఏడాదే డీఎక్స్‌ఓ కొనేసింది, మళ్లీ డబ్బుకే వచ్చింది. ఫొటోషాప్‌కు చవకైన ప్రత్యామ్నాయంగా పేరు తెచ్చుకున్న అఫినిటీని 2024లో కాన్వా కొన్నది, 2025 అక్టోబరులో ఉచితంగా ఇచ్చింది. రేపు ఏమవుతుందో ఎవరి చేతిలోనూ లేదు. కాబట్టి డెలివరీ అయిన ప్రతి పెళ్లికీ మూడు దాచండి: రా ఫైళ్లు, సర్దుబాట్లు రాసిన చిన్న ఎక్స్‌ఎంపీ ఫైళ్లు, పూర్తి సైజు జేపెగ్‌లు. లైట్‌రూమ్ చందా ఆగిపోతే ఫొటోలు చూడటం, బయటికి తీయడం నడుస్తుంది కానీ డెవలప్ భాగం మూతపడుతుంది. ఆ సంగతి చందా ఆగకముందే తెలిసి ఉండాలి.

ప్లగిన్ అనే ఆశ

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. అందుకని కాస్త నిలబడి మాట్లాడతాను.

ప్లగిన్ ఎలా పనిచేస్తుందో ముందు తెలుసుకోండి. లైట్‌రూమ్ నుంచి ఒక ఫొటోను బయటి ప్లగిన్‌కు పంపితే మామూలుగా అది దానికి ఒక టిఫ్ నకలు తయారుచేస్తుంది. 24 మెగాపిక్సెళ్ల ఫొటో 16 బిట్ టిఫ్ అయితే దాదాపు 144 ఎంబీ. ఆల్బమ్‌కు ఎంచిన 400 ఫొటోలనూ అలా పంపారనుకోండి, దాదాపు 58 జీబీ. ఒక్క పెళ్లికి! డిస్క్ నిండుతుంది, బ్యాకప్ రెట్టింపవుతుంది, ఆ తర్వాత కలర్ మార్చాలంటే మళ్లీ మొదటికి రావాలి. అందుకే స్కిన్ ప్లగిన్‌ను ఆల్బమ్ మొత్తానికి వాడకండి. కవర్ ఫొటో, పెళ్లికూతురు క్లోజప్‌లు, గోడకు పెట్టే పెద్ద ఫ్రేములు కలిపి ఇరవై ముప్పై ఫొటోలు చాలు. మిగతా వాటికి లైట్‌రూమ్‌లోనే 2022 నుంచి మనుషుల ముఖాన్ని, చర్మాన్ని, పెదవుల్ని విడివిడిగా పట్టుకునే మాస్కులు ఉన్నాయి. ఒక ఫొటోకు చేసి మిగతా వాటికి సింక్ చేయండి. టిఫ్ పుట్టదు. నాయిస్ తగ్గించే ఏఐ కూడా 2023 ఏప్రిల్ నుంచి అందులోనే ఉంది. దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి, అది లేకపోతే ఒక్కో ఫొటోకు నిమిషాలు పడుతుంది. ఇవి చేతిలో ఉన్నాయని తెలియక అదే పనికి వేరే ప్లగిన్ కొన్నవాళ్లను చాలామందిని చూశాను.

కొనే ముందు ట్రయల్ ఇస్తారు కదా, దాన్ని వాళ్ల నమూనా ఫొటోల మీద చూడకండి. ఆ నమూనాల్లో మన ఇళ్లు లేవు. మీ సొంత పరీక్ష ఫోల్డర్ ఒకటి తయారుచేసుకోండి. నా ఫోల్డర్‌లో ఉన్నవి చెబుతాను. మంగళస్నానం ఫొటో ఒకటి: ముఖం నిండా పసుపు. ఆటో కలర్ దాన్ని చూడగానే పచ్చదనం ఎక్కువైందనుకుని నీలం కలుపుతుంది, పెళ్లికూతురు పాలిపోతుంది. బుగ్గ చుక్క ఫొటో ఒకటి: మచ్చలు తీసేసే పనిముట్టు ఆ దిష్టి చుక్కను మొటిమ అనుకుని తుడిచేస్తుంది. తలంబ్రాల ఫొటో: గాలిలో ఉన్న బియ్యపు గింజల్ని నాయిస్ అనుకుని నాకేస్తుంది. ముక్కుపుడక దగ్గరి ఫొటో: స్కిన్ స్మూత్ ఎక్కువైతే రాయి మెరుపు పోయి మైనపు బొట్టులా మిగులుతుంది. గద్వాల చీర అంచు ఫొటో: జరీ పోగులు పోగులుగా కనిపించాలి, పూత పూసినట్టు కాదు. ఇంకా చామన ఛాయ ముఖాలు, నల్లటి ముఖాలు, తెల్లటి ముఖాలు పక్కపక్కన నిలబడ్డ గ్రూపు ఫొటో.

ఆ చివరి ఫొటో గురించి గట్టిగా చెప్పాలి. “కొంచెం తెల్లగ చెయ్యిండ్రి” అని ప్రతి పార్టీ అడుగుతుంది. ప్లగిన్లలో ఆ పనికి ఒక స్లైడరే ఉంటుంది. దాన్ని లాగడం ఒక్క సెకను పని. కానీ ఆ అమ్మాయి ముఖం ఆమె తల్లి ముఖంతో కలిసిందే ఆ ఛాయలో. తెలుపు చేస్తే ఆ పోలిక తెగిపోతుంది. నేను వెలుగు పెంచుతాను, నీడ తగ్గిస్తాను, ఎల్‌ఈడీ మరకలు తీస్తాను. ఛాయ మార్చను. పార్టీకి కూడా ముందే చెబుతాను. రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపిస్తే నూటికి తొంభై మంది అసలు ఛాయదే ఎంచుకుంటారని నా అనుభవం.

షీటు మీద తెలుగు

ఆల్బమ్ షీట్ల దగ్గర ఒక గండి ఉంది, దాని గురించి బయటివాళ్లెవరూ చెప్పరు. మన అక్షరాలు. చాలా స్టూడియోల్లో 2002 నాటి ఫొటోషాప్ 7ను ఏళ్ల తరబడి వదలకపోవడానికి కారణం అలవాటు ఒక్కటే కాదు, అను ఫాంట్లు అందులో సాఫీగా నడిచాయి. యూనికోడ్‌లో ‘శ్రీలక్ష్మీ’ అని కొడితే పాత ఫొటోషాప్ ఒత్తును విడగొట్టి పక్కన పడేసేది. తర్వాతి వెర్షన్లలో దానికి మందు ప్రిఫరెన్సెస్‌లోనే వచ్చింది. టైప్ భాగంలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ ఎంచుకుని, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ పెడితే ఒత్తులు చోటికి వస్తాయి. సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, మండలి, సూరన్న లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. పెళ్లి ఆల్బమ్ కవర్‌కు అవి చక్కగా కుదురుతాయి.

కొత్తగా ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా, ఆల్బమ్ డిజైన్ ప్లగిన్ అయినా సరే, మొదటి పరీక్షగా నాలుగు మాటలు కొట్టండి: లక్ష్మి, జ్యోత్స్న, స్త్రీ, కృష్ణ. నాలుగూ సరిగా వస్తే ముందుకు పోండి. ఒక్కటి విరిగినా అది షీట్లకు పనికిరాదు, మిగతా గుణాలు ఎన్ని ఉన్నా సరే. కవర్ మీద పెళ్లికూతురి పేరు విరిగిపోయి ప్రింటై వస్తే ఆ ఇంట్లో ఎవరూ దాన్ని మళ్లీ తెరవరు.

ల్యాబ్ సంగతి క్లుప్తంగా: తెర వెలుగు 100 నుంచి 120 నిట్స్ మధ్య పెట్టండి, వీలైతే స్పైడర్ లాంటి పరికరంతో కాలిబ్రేట్ చేయండి, ఫైళ్లు ఎస్‌ఆర్‌జీబీలో పంపండి, కొత్త ల్యాబ్ అయితే ముందు ఒక్క షీటు వేయించి చూడండి. షీట్లు చీకటిగా వస్తే సాధారణంగా తప్పు ల్యాబ్‌ది కాదు, మన తెర ఎక్కువ వెలుగుతోంది.

నంబరు

పార్టీ మార్పులే మీ గండి అయితే మందు ఏ ప్లగిన్‌లోనూ లేదు, ఫైలు పేరులో ఉంది. “ఆ ఎర్ర చీరలో మా అత్త ఉన్న ఫొటో తీసేసి, నిన్న పంపినది పెట్టండి” అని వాట్సాప్‌లో వస్తే, ఏ ఎర్ర చీర, ఏ నిన్న? ఏడాది, నెల, తేదీ, ఊరు, వరుస సంఖ్య: ఈ క్రమంలో ఇంపోర్ట్ చేసేటప్పుడే ప్రతి ఫైలుకూ పేరు పెట్టండి. లైట్‌రూమ్, క్యాప్చర్ వన్, డార్క్‌టేబుల్ మూడూ ఆ పని తమంతట తామే చేస్తాయి. పార్టీకి పంపే చిన్న సైజు ఫొటోల మీద ఆ నంబరు కనబడాలి. మార్పులన్నీ నంబరుతోనే చెప్పమనండి.

ఇది మన గడ్డ మీద కొత్త సంగతి కాదు. 1880ల్లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయిన రాజా దీన్‌దయాళ్ గాజు నెగటివ్‌ల మీదే నంబర్లు రాయించేవారు. 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, ఒక మహిళకు దాని బాధ్యత అప్పగించారు. అంత పెద్ద పని నంబర్లు లేకుండా నడిచేది కాదు. ఆయన 1905లో పోయారు. ఆ గాజు పలకలు 2,500కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. ఈరోజుకీ వెతికితే దొరుకుతున్నాయి. మనం పోయిన ఏడాది తీసిన పెళ్లి ఫొటో మన డిస్క్‌లో దొరకడానికి ఎంతసేపు పడుతుందో ఒకసారి చూసుకోండి.

డబ్బు, క్రాక్, మూఢం

క్రాక్ గురించి నాకు జరిగింది చెబుతాను. చాలా ఏళ్ల కింద, ఒక స్కిన్ ప్లగిన్ క్రాక్ చేసింది పెన్‌డ్రైవ్‌లో దొరికితే వేసుకున్నాను. రెండు రోజుల తర్వాత పొద్దున సిస్టమ్ తెరిస్తే ఫైళ్ల పేర్ల చివర ఏవో అక్షరాలు తగిలించి ఉన్నాయి, ఒక్కటీ తెరుచుకోలేదు. రాన్సమ్‌వేర్. 2018 నుంచి స్టాప్ అనే పేరుతో ప్రపంచమంతా ఎక్కువగా తిరిగిన రకం ఇలా క్రాక్‌ల వెంటే ఇళ్లలోకి, దుకాణాల్లోకి వచ్చింది. నా దగ్గర ఒక పెళ్లి కార్డులు ఇంకా ఫార్మాట్ చేయలేదు, అది దక్కింది. ఒక చిన్న పాప అన్నప్రాశన దక్కలేదు. ఆ తల్లిదండ్రుల ఇంటికి వెళ్లి గుమ్మంలో నిలబడి చెప్పాల్సి వచ్చింది. డబ్బు తిరిగిచ్చాను. పాప మళ్లీ ఆరు నెలల పాప కాదు కదా. క్రాక్ చవక అని ఎవరైనా అంటే నాకు ఆ గుమ్మమే గుర్తొస్తుంది. చేతిలో డబ్బు లేకపోతే డార్క్‌టేబుల్, జింప్, డిజికామ్ ఉన్నాయి, మూడూ ఉచితమే, మూడూ న్యాయమైనవే. జింప్‌లో తెలుగు ఒత్తులు కూడా చక్కగా వస్తాయి.

చందా తీసుకునేవాళ్లు షరతులు చదవండి. నెల నెలా కట్టేదంతా నెలవారీ చందా కాదు. అడోబీలో ఏడాది ఒప్పందానికి నెల నెలా కట్టే పద్ధతి ఉంది, మధ్యలో ఆపితే మిగిలిన కాలానికి కొంత కట్టాల్సి వస్తుంది. దీని మీదే ఎఫ్‌టీసీ అనే ప్రభుత్వ సంస్థ సిఫారసుతో అమెరికా న్యాయశాఖ 2024లో ఆ కంపెనీ మీద కేసు వేసింది. ఒక చందాను రెండు సిస్టమ్‌ల మీద వేసుకోవచ్చు, కానీ ఇద్దరు ఒకేసారి వాడటానికి కాదు. ఇద్దరు డిజైనర్లు ఉన్న స్టూడియో ఈ లెక్క ముందే వేసుకోవాలి.

అప్‌డేట్లు మాత్రం మూఢంలో చేయండి. నేను నిజంగానే పంచాంగం చూసి చేస్తాను. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం ముహూర్తాల మధ్యలో ఫొటోషాప్ కొత్త వెర్షన్ వేస్తే పాత ప్లగిన్ ఒకటి పలకకపోవచ్చు, అర్ధరాత్రి దానికి మందు దొరకదు. ఆషాఢం, మూఢం రోజుల్లో పెళ్లిళ్లు ఉండవు. కొత్త ట్రయల్ వేయడం, యాక్షన్లు రాసుకోవడం, పాత డిస్కులు సర్దడం, నోట్‌బుక్ తిరగేసి తర్వాతి గండి ఏదో చూసుకోవడం, అన్నీ అప్పుడే. ఒక సీజన్‌కు ఒకటే కొత్త పనిముట్టు. రెండు ఒకేసారి మారిస్తే ఏది మేలు చేసిందో, ఏది పాడుచేసిందో తెలియదు.

పరీక్ష ఫోల్డర్‌లో మొదట పెట్టుకునే ఫొటో గురించి ఇంకా చెప్పలేదు. మేడ్చల్ దగ్గర ఒక ఊరి పెళ్లి. ఆల్బమ్ ఇచ్చిన వారానికి పెళ్లికొడుకు తల్లి మా స్టూడియోకి వచ్చింది. పదమూడో షీటు తెరిచి, మధ్యలో కూర్చున్న ముసలావిడను చూపించి, “మా అవ్వ నుదుటి మీది పచ్చబొట్టు ఏది బిడ్డా? ఈమె ఎవలో వేరేటామె లెక్కుంది” అంది. నేను వాడిన ప్లగిన్ ఆ పచ్చటి గీతను మచ్చ అనుకుని తీసేసింది. 400 ఫొటోలకు ఒకేసారి పెట్టాను కనుక నా కంటికి ఆనలేదు. చిన్నప్పుడు ఎవరో ఊరికి వచ్చి పొడిచిన పచ్చబొట్టు, డెబ్బై ఏళ్లుగా ఆ ముఖం మీద ఉంది. రా ఫైలు ఉంది కనుక షీటు మళ్లీ చేసి, నా ఖర్చుతో వేయించి, నేనే తీసుకెళ్లి ఇచ్చాను. అవ్వ ఆ షీటు మీద తన నుదురు వేలితో తడిమి చూసుకుంది.

కొత్తగా ఎవరు ఏ ప్లగిన్ తెచ్చి చూపించినా ముందు ఆ ఫొటో తెరుస్తాను.